పాత పెట్రోలు బండి: త్రొక్కగానే ఆగిపోవుటకు కారణములు

కృష్ణా డెల్టాలో పొలమునుండి రోడ్డునకు వచ్చు బండి ఎక్కడో ఒకచోట కాలువగట్టు ఎక్కక తప్పదు. ప్రాంతమంతయు సమతలమే యైనను, బందరు కాలువ గాని, ఏలూరు కాలువ గాని, రైవస్ కాలువ గాని, వాటి పిల్లకాలువలు గాని దాటవలసిన చోట నేల ఒక్కసారిగా పైకి లేచును. ఆ ఎక్కుడు కొద్ది బారల దూరమే. కాని బరువుతోనున్న బండికి అదియే పరీక్ష. చోదకుడు మొదటి గేరు వేసి యాక్సిలరేటరు త్రొక్కును. ఇంజను ఒకసారి దగ్గి, ఊపిరి పట్టినట్లయి, ఆగిపోవును. వెనుక కాలువ, ముందు గట్టు. బండిలో పాల క్యానులో, కూరగాయల బస్తాలో, చేపల పెట్టెలో యుండును. బ్రేకు మంచిదైన సరి. కానిచో బండి వెనుకకు జారుటకు ఎంతయో సేపు పట్టదు.

ఇట్టి బండి యజమానులు సాధారణముగా చెప్పు మాట యొకటి కలదు: “ఊరకే ఉంచితే గంటసేపైనా తిరుగుతుందండీ, తొక్కితే చచ్చిపోతుంది.” దానికి తోడుగా చెప్పు రెండవ మాట: “అన్నీ మార్పించాను.” మొదటి మాటలో రోగలక్షణమున్నది. రెండవ మాటలో డబ్బు వ్యయమైన చరిత్ర యున్నది. ఏ భాగము చెడినదో తేలకముందే భాగములను మార్చుచు పోయినచో, ఒక్కొక్కప్పుడు అసలైన మంచి కార్బురేటరు పోయి, దాని స్థానమున నాసిరకపుది వచ్చి చేరుటయు కలదు. కావున, మార్చుటకు ముందు తెలిసికొను పద్ధతి ఇచ్చట వివరింపబడుచున్నది.

మన జిల్లాలలో ఈ పాత పెట్రోలు బండ్లకు కొంత చరిత్ర యున్నది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకములు ప్రారంభమైన పిమ్మట పల్లెదారులలో మొదట కనబడిన మోటారు బండి అనేక గ్రామములకు బ్లాకు జీపే. విల్లీస్ నమూనాపై మహీంద్రావారు బొంబాయిలో తయారుచేసిన ఆ జీపులలో హరికేన్ అను నాలుగు సిలిండర్ల ఇంజనుండెడిది. దాని పరిమాణము 134 ఘనపుటంగుళములు, అనగా సుమారు 2.2 లీటర్లు. ఇట్టి జీపులను వెనుకభాగము కోయించి, తొట్టి కట్టించి, సరకు బండ్లుగా మార్చుకొన్నవారు పలువురు. ఆ పనికి విజయవాడ ఆటోనగరు పెట్టినది పేరు. మోటారు బండ్ల మరమ్మతునకును, తొట్లు కట్టుటకును 1960ల దశకములో ఏర్పడిన ఆ నగరు ఆసియాలోని పెద్దవాటిలో నొకటిగా ప్రసిద్ధి చెందినది. 2000 సంవత్సరము తరువాత కొత్త కార్లలో కార్బురేటరు క్రమముగా కనుమరుగై, ఎలక్ట్రానిక్ ఇంజెక్షను వచ్చినది. అందుచేత పాత కార్బురేటరును విప్పి కూర్చగల మేస్త్రీలు ఏటేట తగ్గుచున్నారు. నేడు యజమానియే కొంత తెలిసికొని యుండవలసిన అవసరమునకు ఇది యొక కారణము.

కార్బురేటరు చేయు పని డెల్టా రైతునకు వేరుగా బోధింపనక్కరలేదు. అది యొక చిన్న నీటిపారుదల ఏర్పాటే. ట్యాంకునుండి పంపు తెచ్చిన పెట్రోలు మొదట ఒక చిన్న గిన్నెలో నిలుచును. అందులో తేలు బుడ్డ, అనగా ఫ్లోటు, మట్టము పెరిగినప్పుడు సూదివాల్వును మూసి, తగ్గినప్పుడు తెరచును. ఆ గిన్నెనుండి సన్నని రంధ్రముగల జెట్టుల ద్వారా పెట్రోలు గాలిలో కలియును. బండి నిలిచి తిరుగునప్పుడు ఒక మార్గమునను, వేగముగా లాగునప్పుడు మరియొక పెద్ద మార్గమునను వచ్చును. చిక్కు వచ్చునది ఈ రెంటికి నడుమనే. ప్రకాశం బ్యారేజివద్ద తలుపులెత్తిన క్షణముననే శివారు భూములకు నీరు చేరదు గదా! అట్లే యాక్సిలరేటరు త్రొక్కినంతనే తేలికయైన గాలి ముందుగా పరుగెత్తును. బరువైన పెట్రోలు వెనుకబడును. ఆ ఒక్క క్షణము ఇంజనుకు గాలి యెక్కువై ఆహారము తక్కువగును. ఆ లోటు తీర్చుటకే కార్బురేటరులో యాక్సిలరేటరు పంపు అను చిన్న పరికరమును అమర్చిరి. శివారు మడికి నీరు చేరులోగా గూడ వేసి తోడిపోయు మనిషి వంటిది ఇది. త్రొక్కినప్పుడెల్ల ఒక చిమ్ము పెట్రోలును నేరుగా గొట్టములోనికి కొట్టును. ఆ చిమ్ము రానినాడు ఇంజను తడబడును, లేదా ఆగిపోవును.

అయినను త్రొక్కగానే ఆగిన ప్రతి బండికి ఈ పంపే కారణమని తలచరాదు. గుడివాడ ప్రాంతమున ఈ వ్యాసకర్త యెరిగిన రైతు ఒకరు తమ బండికి కార్బురేటరును, పెట్రోలు పంపును, ప్లగ్గులను, కాయిలును వరుసగా మార్పించిరి. బండి మాత్రము మారలేదు. తుదకు రోడ్డుప్రక్క పాకలో పనిచేయు వృద్ధ మేస్త్రీ యొకడు బానెట్టు ఎత్తకుండనే ఒక ప్రశ్న వేసెను: “తొక్కగానే పోతుందా, కాస్త లాగాక పోతుందా, వేడెక్కాక పోతుందా? అది చెప్పండి ముందు.” రోగనిర్ణయమంతయు ఆ ప్రశ్నలోనే కలదు. ఆ బండి కథ ఎట్లు ముగిసినదో ముందు చెప్పెదము.

త్రొక్కిన క్షణముననే దగ్గి ఆగి, మెల్లగా త్రొక్కిన ఆగకపోవుచున్నచో యాక్సిలరేటరు పంపును ముందుగా అనుమానింపవలెను. మొదట చక్కగా లాగి, కొంతదూరము పోయిన పిదప బలము తగ్గి ఆగుచున్నచో గిన్నెలోనికి పెట్రోలు చాలినంత వచ్చుటలేదు. ఉదయము బాగుండి మధ్యాహ్నపు టెండలోనే ఆగుచున్నచో వేడి వలన కలుగు లోపము. దగ్గు, తడబాటు ఏమియు లేకుండ దీపమార్పినట్లు ఒక్కసారిగా ఆగుచున్నచో అది పెట్రోలు లోపము కాకపోవచ్చును. విద్యుత్తు లోపమై యుండును. సమతల మార్గమున ఎంత త్రొక్కినను ఆగక, గట్టు ఎక్కునప్పుడు మాత్రమే ఆగు బండ్లును కలవు. వాటిలో తరచుగా ఫ్లోటు మట్టము తప్పియుండును. బండి ముక్కు పైకెత్తినప్పుడు గిన్నెలోని పెట్రోలు ఒకవైపునకు ఒరిగి, జెట్టు రంధ్రము పైకి తేలును. లేదా పెట్రోలు పొంగి గొట్టములో పడును. అంతకన్న చిన్న కారణమును మరువరాదు. ట్యాంకులో పెట్రోలు అడుగంటియున్నప్పుడు ఎక్కుడులో అది వెనుకకు చేరి పీల్చుగొట్టమునకు అందక పోవచ్చును. నాలుగైదు లీటర్లు పోసి మరల ఎక్కించి చూచుట అన్ని పరీక్షలలోకి చౌకయైనది.

పరికరములేవియు లేకుండ చేయదగిన పరీక్ష మరియొకటి కలదు. పాత బండ్లలో చోకు బొత్తాము చేతికందునట్లుండును. ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత, బండి తడబడు వేగముననే నడుపుచు, చోకును సగము లాగి చూడవలెను. చోకు గాలిని తగ్గించి పెట్రోలు పాలును పెంచును. లాగినప్పుడు బండి బాగుపడినచో ఇంజనునకు పెట్రోలు చాలుటలేదని యర్థము. నల్లని పొగ వచ్చి మరింత తడబడినచో పెట్రోలు ఎక్కువగుచున్నది, లేదా గాలి వడపోత మూసికొనిపోయినది. నూర్పిళ్ల కాలమున దుమ్ము, పొట్టు చేరి ఈ వడపోతలు త్వరగా నిండును. చోకు లాగినను, లాగకున్నను భేదమే లేనిచో దృష్టిని కార్బురేటరునుండి విద్యుత్తు వైపునకు మరల్చవలెను. నాడి పట్టి చూచుట వంటి ఈ పరీక్షకు పైసా ఖర్చులేదు.

యాక్సిలరేటరు పంపును చూచు విధము సులభము. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, గాలి వడపోతను తీసి, పగటి వెలుతురులో కార్బురేటరు నోటిలోనికి చూచుచు తీగెను చేతితో లాగవలెను. లాగిన ప్రతిసారి సన్నని ధార ఆలస్యము లేకుండ చిమ్మవలెను. ధార రానిచో, లేక సగము లాగిన పిదప వచ్చుచున్నచో, అచ్చటనే లోపము తెలిసిపోయినది. కొన్ని పంపులలో రబ్బరు పొర యుండును. అది చిల్లుపడును లేదా బిగిసిపోవును. పూర్వపు నమూనాలలో తోలు పట్టెడ యుండెడిది. బండి నెలల తరబడి వాడక ఎండిపోయినప్పుడు ఆ తోలు ముడుచుకొని పట్టు తప్పును. పొరలు మంచివైనను చిమ్ము రంధ్రము మురికితో పూడియుండవచ్చును. దానిని గాలితో ఊది శుభ్రపరచవలెనే గాని తీగెతో గ్రుచ్చరాదు. రంధ్రము పెద్దదైనచో సరిచేయుట కష్టము. ఎస్.యు. జాతి కార్బురేటరులలో ఈ పంపే యుండదు. వాటిపై నుండు గొట్టములో కొద్దిగా నూనె పోయుదురు. ఆ నూనె తరిగినప్పుడును లక్షణము ఇట్లే యుండును. నూనె చుక్కలతో పోవు దానికి వందల రూపాయలు వ్యయపరచినవారున్నారు.

ఇటీవల ఈ పొరలు మునుపటికంటె త్వరగా చెడుచున్నవని మేస్త్రీలు చెప్పుచున్నారు. దీనికి ఆధారము లేకపోలేదు. మన దేశమున పెట్రోలులో కలుపు ఇథనాలు పాలు 2022 జూను నాటికి నూటికి 10కి చేరినది. 2025 నాటికి 20కి చేరినది. చెఱకు, నూకలు, మొక్కజొన్నలనుండి తయారగు ఈ ఇథనాలు రైతు పంటకు గిరాకిని కల్పించుచున్నది. విదేశీ చమురుపై వ్యయమును తగ్గించుచున్నది. ఆ ప్రయోజనమును కాదనలేము. కాని 1960లలోను, 1980లలోను తయారైన కార్బురేటరును రూపొందించినవారు ఈ మిశ్రమమును ఎరుగరు. ఈ భేదమును యజమాని గుర్తించి బండిని తగినట్లు సవరించుకొనవలెను.

ఆ భేదము మూడు విధముల కనబడును. మొదటిది ఆహారపు పాలు. వట్టి పెట్రోలు ఒక కిలో మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసినప్పుడు సుమారు 13.5 కిలోలు చాలును. జెట్టు రంధ్రము పాతదే గనుక ఇంజనులోనికి పోవు మిశ్రమము పలుచబడును. ఇంతకు మునుపే అంచున నడచుచున్న బండి ఇప్పుడు త్రొక్కగానే దగ్గును. ప్లగ్గు విప్పి చూచిన, మొన గోధుమరంగున నుండుటకు మారు తెల్లగా పాలిపోయి యుండును. అట్టప్పుడు మేస్త్రీతో ఆలోచించి, జెట్టును ఒక సంఖ్య పెద్దది వేయించి చూడవచ్చును. రెండవది రబ్బరు. పాతరకపు రబ్బరు గొట్టములు, పొరలు ఇథనాలులో ఉబ్బి, తరువాత బిగిసి పగులును. దీనిని తాళగల వైటాన్ రకపు భాగములు దొరకును. కొనునప్పుడు అడిగి తీసికొనవలెను. మూడవది నీరు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. కొద్దిపాటి నీరు మిశ్రమములో కలిసియే యుండును గాని, హద్దు దాటినప్పుడు నీరును ఇథనాలును కలిసి వేరుపడి ట్యాంకు అడుగునకు దిగును. పీల్చుగొట్టము ఉండునది అడుగుననే. మన తీరప్రాంతపు తేమగాలిలో సగము ట్యాంకుతో నెలల తరబడి నిలిపియుంచిన బండ్లకు ఈ ముప్పు అధికము. అంతేగాక ఇథనాలు ట్యాంకు గోడలకు పట్టిన పాత మడ్డిని కరగించి కదల్చును. అది వడపోతకు చేరి అడ్డుపడును.

లాగిన కొంతసేపటికి ఆగు బండిలో ట్యాంకునుండి కార్బురేటరు వరకు వరుసగా చూచుకొని రావలెను. అన్నిటికంటె ముందు ట్యాంకు మూత. మూతలోని గాలిరంధ్రము మూసికొన్నచో, పెట్రోలు తగ్గినకొలది ట్యాంకులో గాలి పలుచనై పంపు లాగలేదు. ఆగిన వెంటనే మూత తీసినప్పుడు గాలి లోనికి పీల్చిన చప్పుడు వినబడి, మరల బండి నడచినచో కారణము దొరకినట్లే. పిదప వడపోతను, గాజుగిన్నెను, పంపు పొరను చూడవలెను. అడుగు పెట్రోలును కొద్దిగా గాజుసీసాలో పట్టి కదల్చక ఉంచినచో నీరున్న యెడల క్రింద వేరు పొరగా నిలుచును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు వరద విజయవాడ నగరములోని సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములను ముంచినప్పుడు వేలాది బండ్లు నీటిలో నిలిచినవి. అట్టి బండిని కొనువారు పైరంగును చూచి మోసపోక, ట్యాంకును దింపించి అడుగు ఒండ్రు కడిగించిన పిదపనే కార్బురేటరును ముట్టవలెను. అది చేయక కార్బురేటరును పదిసార్లు శుభ్రపరచినను పదకొండవసారి మురికి చేరును.

వేడి వలన కలుగు లోపము మామిడి కాలపుది. మే నెలలో నున్న మామిడి మార్కెట్టు దారిలో, ఎండ 45 డిగ్రీల దరికి చేరిన దినములలో, బరువు బండ్లు వరుసగా ఆగి ఆగి కదలుచుండును. గాలి తగలక ఇంజను వేడి పెరిగి, పంపులోను గొట్టములోను పెట్రోలు ఆవిరియగును. పంపు ద్రవమును నెట్టగలదు గాని ఆవిరిని నెట్టలేదు. బండి ఆగి, అరగంట నీడన నిలిచిన పిదప ఏమియు జరుగనట్లు మరల నడచును. పంపుపై తడిగుడ్డ కప్పుట తాత్కాలికోపాయము. గాజుగిన్నెపై మాత్రము చన్నీరు పోయరాదు, పగులును. గొట్టమును సైలెన్సరునకు దూరముగా మరలించుట స్థిరమైన పరిష్కారము.

కార్బురేటరు క్రింది గాస్కెట్టు పగిలి దొంగగాలి దూరినను బండి తడబడును. సబ్బునీరు ఆ అతుకులపై పోసినప్పుడు ఇంజను ధ్వని మారినచో అచ్చటనే పగులున్నది. కొందరు ఈ పరీక్షకు పెట్రోలునే చల్లుదురు. ఇది నిప్పుతో చెలగాటము, ఎన్నడును చేయరాదు.

ఇక విద్యుత్తు. నిలిచి తిరుగు ఇంజనులో సిలిండరులోని ఒత్తిడి తక్కువ గనుక బలహీనమైన నిప్పురవ్వయు ప్లగ్గు సందును దాటగలదు. త్రొక్కినప్పుడు లోనికి ఎక్కువ మిశ్రమము చేరి ఒత్తిడి పెరుగును; ఆ బలహీనపు రవ్వ అప్పుడు దాటలేదు. అందువలన చెడిన కండెన్సరు, మాడిన పాయింట్లు, పగుళ్లుపడిన ప్లగ్గు తీగెలు కూడ పెట్రోలు లోపమువలెనే నటించును. హరికేన్ ఇంజనుకు పాయింట్ల సందు అంగుళములో వేయింట 20 పాళ్లు, ప్లగ్గు సందు వేయింట 30 పాళ్లు ఉండవలెను. చీకటిపడిన పిదప బానెట్టు ఎత్తి చూచినచో కారుచున్న తీగెలపై నీలిరవ్వలు కనబడును.

గుడివాడ రైతు బండికి పట్టిన జబ్బు ఈ జాతిదే. ఆ బండి డిస్ట్రిబ్యూటరులో వాక్యూము వలన కదలు పలక యొకటి కలదు. త్రొక్కినప్పుడు ఆ పలక కొద్దిగా తిరుగును. పాయింట్లకు పోవు చిన్న తీగె ఆ పలకతోపాటు వంగవలెను. మేస్త్రీ మూత తీసి, వాక్యూము గొట్టమును నోటితో పీల్చుమని కుర్రవానికి చెప్పెను. పలక కదలినంతనే పరీక్షదీపము ఆరెను. వదలినంతనే వెలిగెను. పైన తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగిపోగులు తెగియున్నవి. నిలిచినప్పుడు తాకుచున్నవి, త్రొక్కినప్పుడు విడిపోవుచున్నవి. జానెడు తీగె వేయగా బండి బాగుపడెను. తీసివేసిన అసలు కార్బురేటరు అప్పటికి పాత యినుప సామానుకు పోయినది. ఆ రైతు నేటికిని దానినే తలచుకొని బాధపడుచుండును.

మేస్త్రీకడకు పోవునప్పుడు “పికప్ లేదు” అని మాత్రము చెప్పుట చాలదు. ఎన్ని కిలోమీటర్లు నడచిన పిదప, ఏ గేరులో, బరువుతోనా బరువులేకనా, ఎక్కుడులోనా సమతలముననా, దగ్గి ఆగెనా ఒక్కమారుగా ఆగెనా, చోకు లాగిన ఏమైనది, పెట్రోలు ఎంతయున్నది అను విషయములను ఒక కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. ఒక్కసారి ఒక్క భాగమును మాత్రమే సవరింపించి, మరల అదే ఎక్కుడులో చూడవలెను. రెండు మూడు కలిపి మార్పించినచో ఏది మందైనదో తెలియదు. విప్పిన పాత భాగములను అడిగి ఇంటికి తెచ్చుకొనవలెను.

లోపము తేలునంతవరకు బండిలో బరువైన ఎదురుచెక్క యొకటి ఉంచుకొనవలెను. గట్టుపై ఆగినప్పుడు హ్యాండుబ్రేకు బిగించి, మొదటి గేరులో ఉంచి, వెనుక చక్రమునకు చెక్క పెట్టిన పిదపనే బానెట్టు ఎత్తవలెను. పెట్రోలు గొట్టమును విప్పవలసి వచ్చినచో ముందు బ్యాటరీ తీగె తీయవలెను. చుట్టుప్రక్కల బీడీ, చుట్ట ఉండరాదు. రైలు గేటు పట్టాలపై ఆగినచో మొదట మనుషులను దింపి దూరముగా పంపవలెను. రైలు జాడ లేనప్పుడు మాత్రము, మొదటి గేరు వేసి, క్లచ్చి నుండి కాలు తీసి, సెల్ఫు నొక్కినచో, ఇంజను అందుకొనకున్నను ఆ మోటారు బలముననే పాత బండ్లు కొద్ది గజములు కదలి పట్టాలు దాటును.